సినిమా రిప్ సైజు తగ్గాలి, బొమ్మ చెడకూడదు: హ్యాండ్‌బ్రేక్‌తో పూర్తి పద్ధతి

సినిమాను చిన్న ఫైలుగా మార్చాలనుకునే వాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని ఎంబీలకు దిగుతుంది?" అని. దానికి జవాబు సినిమాను బట్టి ఉంటుంది. డిజిటల్ కెమెరాతో, ఎక్కువగా నాలుగు గోడల మధ్య తీసిన కుటుంబ కథ రెండు మూడు జీబీల్లో శుభ్రంగా ఇమిడిపోతుంది. అంతే నిడివి ఉన్న పాత ఫిల్ము సినిమాకు, తెర నిండా గ్రెయిన్ (ఫిల్ము మీది సన్నటి చుక్కలు) కదులుతుంటే, ఎనిమిది జీబీలు ఇచ్చినా చాలకపోవచ్చు. అందుకే ఈ పద్ధతిలో బొమ్మ ఎంత బాగుండాలో ఒక అంకెతో చెబుతాం. సైజు ఎంత వస్తే అంత. అది మరీ ఎక్కువనిపిస్తే ఎక్కడ కోత పెట్టవచ్చో, ఎక్కడ పెట్టకూడదో అప్పుడు చూసుకుంటాం.

ఇక్కడ చెప్పేదంతా డబ్బు పెట్టి కొన్న డీవీడీ, బ్లూరే డిస్కుల నుంచి ఇంట్లో చూసుకోవడానికి కంప్యూటర్లోకి కాపీ చేసుకున్న రిప్‌ల గురించి. ఊరందరికీ పంచడానికి కాదు. నెట్‌లో ఎవరో అప్పటికే కుదించిన ఫైలును తెచ్చి మళ్లీ కుదించడానికి కూడా కాదు. ఒకసారి పోయిన వివరం తిరిగి రాదు. రెండోసారి ఎన్‌కోడ్ చేస్తే (అంటే కుదించి రాస్తే) మొదటివాడు చేసిన గళ్లను, మసకను కూడా సినిమాలో భాగమే అనుకుని ఎన్‌కోడర్ వాటిని జాగ్రత్తగా దాచిపెడుతుంది.

ముందు చిన్న లెక్క

ఫైలు సైజు అంటే సెకనుకు ఎన్ని బిట్లు, ఎన్ని సెకన్లు అన్నదే. కిలోబిట్లను సెకన్లతో గుణించి 8,000తో భాగిస్తే ఎంబీలు వస్తాయి. మన సినిమాలు సాధారణంగా రెండు గంటల నలభై నిమిషాలు అనుకుందాం. అంటే 9,600 సెకన్లు. ఆ నిడివికి కిలోబిట్ల అంకెను 1.2తో గుణిస్తే చాలు. 2,000 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) వీడియో అంటే 2,400 ఎంబీ.

ఇదే లెక్కను తిరగేసి చూడండి. "300 ఎంబీలో ఫుల్ సినిమా" అంటే బొమ్మకీ, శబ్దానికీ కలిపి సెకనుకు 250 కిలోబిట్లు. శబ్దానికి అందులో 64 పోతే బొమ్మకు మిగిలేది 186. వీసీడీల కాలంలో 352×288 బొమ్మకే 1,150 కిలోబిట్లు ఇచ్చేవారు. ఎన్‌కోడర్లు అప్పటికంటే ఎంతో మెరుగుపడ్డ మాట నిజమే గానీ ఈ లెక్కను దాటి ఏ మాయా లేదు. ఆ సైజులో చీకటి సీను వస్తే నటుడి ముఖం మైనపు బొమ్మలా ఎందుకు కనిపిస్తుందో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చేతిలో ఉన్నదేమిటి?

మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాంలో ఫైలును తెరవండి. కొలతలు, ఫ్రేమ్ రేటు, బిట్ రేటు, స్కాన్ టైపు, ఆడియో ట్రాకులు అన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఈ ఒక్క నిమిషం పని చేయకుండా ఎన్‌కోడ్ మొదలుపెట్టొద్దు.

352×288 ఉంటే అది వీసీడీ. దాన్ని అలాగే దాచుకోండి. మొత్తం సినిమా కలిపినా సుమారు 1.7 జీబీయే ఉంటుంది. కుదిస్తే మిగిలేది కొన్ని వందల ఎంబీలు, పోయేది ఉన్న కాస్త బొమ్మ.

720×576 ఉంటే ప్యాల్ డీవీడీ, 720×480 ఉంటే ఎన్‌టీఎస్‌సీ డీవీడీ. మన పాత టీవీ పద్ధతి ప్యాల్ అయినా, తెలుగు సినిమాల డీవీడీలు ఎన్‌టీఎస్‌సీలోనూ చాలా వచ్చాయి. అమెరికాలో ఇండియన్ కిరాణా షాపుల్లో దొరికిన డిస్కులు మీ దగ్గర ఉంటే అవి ఎక్కువగా ఈ రకమే. ప్యాల్ డిస్కులో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25తో నడుపుతారు కాబట్టి 160 నిమిషాల సినిమా సుమారు 154 నిమిషాలకే అయిపోతుంది. నిడివి తగ్గిందని, ఏదో సీను కత్తిరించారని కంగారు పడక్కర్లేదు.

ఒకే డీవీడీలో మూడు సినిమాలు ఉన్న డిస్కులు ప్రత్యేకం. రెండు పొరల డీవీడీలో పట్టేది 8.5 జీబీ. మూడింటికి పంచితే ఒక్కో సినిమాకు 2.8 జీబీ, అంటే మొత్తం 2,300 కిలోబిట్ల చుట్టూ. పాత ఎంపెగ్2 కోడెక్‌కు (కుదింపు పద్ధతికి) ఇది చాలా తక్కువ. బొమ్మ అప్పటికే గళ్లు గళ్లుగా ఉంటుంది. వీటి నుంచి గొప్ప ఫలితం ఆశించొద్దు.

1920×1080 బ్లూరే అయితే అసలు ఆనందం ఇక్కడే. వీడియో సగటున 25 మెగాబిట్లు ఉంటే మన నిడివికి 30 జీబీ. దీన్ని నాలుగైదు జీబీలకు తెచ్చినా సోఫాలో కూర్చుని తేడా చెప్పడం కష్టం. 4కే హెచ్‌డీఆర్ (వెలుగునీడల పరిధి ఎక్కువున్న) డిస్కు అయితే ఒక్క నియమం గుర్తుంచుకోండి: 10 బిట్ (రంగుల మెట్లు ఎక్కువున్న) ఎన్‌కోడర్ తప్ప ఇంకేదీ వాడొద్దు. 8 బిట్‌కు నేరుగా దించితే రంగులు వెలిసిపోయినట్టో, ఆకాశం చారలు చారలుగానో వస్తుంది.

హ్యాండ్‌బ్రేక్‌లో మొదటి అడుగులు

హ్యాండ్‌బ్రేక్ వీడియోలను కుదించే ప్రోగ్రాం. ఉచితం, ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లైనక్స్‌లోనూ నడుస్తుంది. దాని సొంత సైటు నుంచే దించుకోండి. రిప్ ఫైలును దాని మీదకు లాగి వదిలితే స్కాన్ చేస్తుంది. డీవీడీ ఫోల్డర్ ఇస్తే పైన టైటిల్ జాబితా వస్తుంది. నిడివి ఎక్కువ ఉన్నదే సినిమా. కొన్ని డిస్కుల్లో పాటల జాబితా కోసం అదే సినిమాను రెండు మూడు టైటిళ్లుగా చూపిస్తారు, అలాంటప్పుడు ఛాప్టర్లు ఎక్కువున్నదాన్ని ఎంచుకోండి.

ప్రీసెట్ల జాబితాలో మట్రోస్కా (ఎంకేవీ ఫైళ్ల) వర్గంలో మీ సోర్సు కొలతకు సరిపోయే హెచ్.265 (కొత్త తరం కోడెక్) ఎంకేవీ ప్రీసెట్‌ను పునాదిగా తీసుకోండి. ఎంపీ4 బదులు ఎంకేవీ ఎందుకంటే, డిస్కులోని బొమ్మ రూపపు సబ్‌టైటిళ్లను, రకరకాల ఆడియోను ఎంకేవీ కాదనకుండా మోస్తుంది. ఇంకో కారణం మన కరెంటు. ఎంపీ4లో సూచిక చివర్లో రాస్తారు. మధ్యలో కరెంటు పోతే ఆ ఫైలు తెరుచుకోదు. ఎంకేవీ అక్కడిదాకా అయినా ఆడుతుంది.

డైమెన్షన్స్ ట్యాబ్‌లో పైన, కింద ఉన్న నల్ల పట్టీలను హ్యాండ్‌బ్రేక్ తనే కోస్తుంది. సినిమాలో అక్కడక్కడా పది ఫ్రేములు చూసి నిర్ణయిస్తుంది కాబట్టి, చీకటి సీన్లు ఎక్కువున్న సినిమాలో ఒక్కోసారి అసలు బొమ్మ అంచునే పట్టీ అనుకుంటుంది. ప్రిఫరెన్సెస్‌లో ఆ సంఖ్యను 30కి పెంచి, ప్రీవ్యూలో నాలుగైదు చోట్ల కళ్లతో చూసుకోండి. అప్‌స్కేలింగ్ ఆపేసి ఉంచండి. డీవీడీని 1080కి సాగదీస్తే కొత్త వివరం పుట్టదు, ఫైలు మాత్రం బలుస్తుంది.

ఫిల్టర్లు: సగం నాణ్యత ఇక్కడే తేలిపోతుంది

సీఆర్ఎఫ్ (బొమ్మ నాణ్యతను చెప్పే అంకె) గురించి గంటలు వాదించుకునే వాళ్లు కూడా ఈ ట్యాబ్ తెరవరు. డీవీడీ విషయంలో మాత్రం ఇదే ముఖ్యం.

డీవీడీలు చాలావాటిలో ఇంటర్‌లేసింగ్ ఉంటుంది. ఒక ఫ్రేమును సరి, బేసి గీతలుగా విడదీసి పంపే పాత టీవీ పద్ధతి అది. కంప్యూటర్లో చూస్తే, కదిలే చేతి అంచు దువ్వెన పళ్లలా చీలి కనిపిస్తుంది. దీన్ని సరిచేయకుండా కుదిస్తే రెండు నష్టాలు. ఆ చీలిక ఫైల్లో శాశ్వతంగా అచ్చుపడుతుంది. పైగా ప్రతి పన్నూ ఎన్‌కోడర్‌కు ఒక పదునైన అంచులా కనిపించి బిట్లు తినేస్తుంది. ఇంటర్‌లేస్ డిటెక్షన్‌ను డిఫాల్ట్‌లో ఉంచి, డీఇంటర్‌లేస్‌లో డీకూంబ్ ఎంచుకోండి. చీలిక ఉన్న ఫ్రేములనే అది సరిచేస్తుంది, బాగున్నవాటి జోలికి పోదు.

ఎన్‌టీఎస్‌సీ డిస్కు అయితే డీటెలిసీన్ కూడా ఆన్ చేయండి. 24 ఫ్రేముల సినిమాను 29.97కు సరిపెట్టడానికి కలిపిన అదనపు గీతలను అది తీసేస్తుంది. అది సరిగ్గా పనిచేస్తే ఫ్రేములు అయిదో వంతు తగ్గుతాయి. అంటే నాణ్యత పోకుండానే సైజు తగ్గినట్టు. కొన్ని డిస్కుల్లో మాత్రం ప్యాల్ కాపీని ఎన్‌టీఎస్‌సీగా మార్చేటప్పుడు పక్క ఫ్రేములను ఒకదానిమీద ఒకటి కలిపేశారు. పరుగెత్తే మనిషి వెనక మరో పల్చటి మనిషి కనిపిస్తాడు. దానికి హ్యాండ్‌బ్రేక్‌లో మందు లేదు. అలాగే వదిలేయండి.

ఇంట్లో పాత పెళ్లి డీవీడీ ఉంటే దాని సంగతి వేరు. అది వీడియో కెమెరాతో సెకనుకు 50 సగం ఫ్రేములుగా తీసింది. దానికి డీకూంబ్‌లో బాబ్ ఎంచుకుని, ఫ్రేమ్ రేటు 50 ఇవ్వండి. కదలిక అప్పట్లో టీవీలో చూసినంత సాఫీగా ఉంటుంది. సినిమాకు మాత్రం బాబ్ వద్దు.

ఇక గ్రెయిన్. పాత ఫిల్ము సినిమాల్లో ప్రతి ఫ్రేములోనూ కొత్తగా చల్లినట్టుండే చుక్కలు ఇవి. వీడియో కుదింపు అంతా "పక్క ఫ్రేములో మారనిది మళ్లీ రాయక్కర్లేదు" అన్న సూత్రం మీద నడుస్తుంది. గ్రెయిన్ ప్రతి ఫ్రేములోనూ మారుతుంది, దానికి ఏ పోలికా దొరకదు. అందుకే 1950ల నలుపు తెలుపు సినిమా మంచి బ్లూరే, నిన్నటి రంగుల సినిమా కంటే పెద్ద ఫైలు ఇస్తుంది. అది మీ సెట్టింగ్‌లో లోపం కాదు.

మీ ముందు రెండు దారులున్నాయి. గ్రెయిన్ కావాలంటే ఎక్స్265లో (హెచ్.265 ఎన్‌కోడర్‌లో) ట్యూన్ దగ్గర గ్రెయిన్ ఎంచుకుని, పెరిగే సైజును ఒప్పుకోవాలి. వద్దంటే డీనాయిజ్‌లో ఎన్‌ఎల్‌మీన్స్ ఎంచుకుని అల్ట్రాలైట్ లేదా లైట్ పెట్టాలి. అంతకు మించి పోవద్దు. మీడియం దాటితే చీర మీది జరీ, గడ్డం వెంట్రుకలు, ఇసుక, దూరపు జనం అన్నీ ఒక్క ముద్దవుతాయి. నా వరకు నేను డీవీడీకి అల్ట్రాలైట్ వాడతాను, బ్లూరేకి డీనాయిజ్ ముట్టుకోను. సినిమా ఫిల్ము మీద తీసిందని తెలియడమూ బొమ్మలో భాగమే. ఎన్‌ఎల్‌మీన్స్ బాగా నెమ్మది, అది కూడా లెక్కలో పెట్టుకోండి.

మూడు సినిమాల డిస్కుల కోసం డీబ్లాక్ ఫిల్టర్ ఉంది. లైట్‌లో పెట్టి చూడండి, గళ్ల అంచులు కాస్త మెత్తబడతాయి.

వీడియో ట్యాబ్

ఎన్‌కోడర్ దగ్గర ఎక్స్265 10 బిట్. సోర్సు 8 బిట్ అయినా 10 బిట్‌లో ఎన్‌కోడ్ చేయడం వల్ల ఆకాశం, పొగమంచు, దీపం వెలుగు పడ్డ గోడ లాంటిచోట చారలు తగ్గుతాయి. సైజు పెద్దగా పెరగదు. మీ టీవీ పాతదై 10 బిట్ హెచ్.265 ఆడకపోతే ఎక్స్264కు (పాత హెచ్.264 ఎన్‌కోడర్‌కు) వెళ్లండి. అది దాదాపు ప్రతి పెట్టెలోనూ ఆడుతుంది. హెచ్.264 బదులు హెచ్.265 వాడితే సైజు సగమవుతుందని చెబుతారు. 4కేలో అది నిజానికి దగ్గర, 1080లో కాస్త తక్కువ, డీవీడీ కొలతలో ఇంకా తక్కువ. డీవీడీలకు ఎక్స్264 వాడినా నష్టపోయేదేమీ లేదు.

కాన్‌స్టంట్ క్వాలిటీ ఎంచుకోండి. దాని పక్కనున్న ఆర్‌ఎఫ్ అంకెనే సీఆర్ఎఫ్ అంటారు. అంకె తగ్గేకొద్దీ నాణ్యత పెరుగుతుంది. డీవీడీకి 18 నుంచి 22, 720కి 19 నుంచి 23, 1080కి 20 నుంచి 24, 4కేకి 22 నుంచి 28 అని హ్యాండ్‌బ్రేక్ వాళ్లే సూచిస్తారు. మొదటిసారి మధ్యలో మొదలుపెట్టండి: డీవీడీకి 20, బ్లూరేకి 22. అంకెను ఆరు పెంచితే బిట్ రేటు సుమారుగా సగమవుతుందని గుర్తుంటే, ఎంత జరపాలో అంచనా దొరుకుతుంది. సున్నా పెడితే మాత్రం ఫైలు డిస్కులో ఉన్నదానికంటే పెద్దదవుతుంది. లేని నాణ్యత ఎక్కడి నుంచీ రాదు.

ఎన్‌కోడర్ ప్రీసెట్ స్లో. మీడియం కంటే ఎక్కువ సమయం పడుతుంది, కానీ ఒక్కసారి చేసే పని, ఏళ్ల తరబడి ఉండే ఫైలు. వెరీస్లో, ప్లసీబో జోలికి వెళ్లకండి. అక్కడ దొరికే లాభం కరెంటు బిల్లుకు సరిపోదు. ఫ్రేమ్ రేటు సేమ్ యాజ్ సోర్స్‌లోనే ఉండాలి. 24ను 30కి మార్చితే కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా బొమ్మ కుదుపుతుంది.

గ్రాఫిక్స్ చిప్‌తో చేసే ఎన్‌విఎన్‌క్, క్విక్ సింక్ చాలా వేగంగా పూర్తిచేస్తాయి. అదే సైజుకు నాణ్యత తక్కువ, అదే నాణ్యతకు సైజు ఎక్కువ. ఊరెళ్లేముందు ఫోన్లోకి రెండు సినిమాలు ఎక్కించుకోవడానికి బాగానే ఉంటాయి. దాచుకునే కాపీకి ప్రాసెసరే మేలు. ఏవీ1 అనే మరింత కొత్త కోడెక్ గురించి కూడా వింటుంటారు. హ్యాండ్‌బ్రేక్‌లో అది ఎస్‌వీటీ ఏవీ1 పేరుతో ఉంది, తక్కువ బిట్ రేటులో నిజంగా బాగుంటుంది. దాని ఆర్‌ఎఫ్ కొలబద్ద 63 దాకా వెళ్తుంది కాబట్టి ఎక్స్265 అంకెలు దానికి పనికిరావు. మీ టీవీ ఏవీ1 ఆడుతుందో లేదో ముందు చూసుకోండి.

మొత్తం సినిమా నడపకముందే ముక్కలతో పరీక్ష

రేంజ్ దగ్గర ఛాప్టర్స్ బదులు సెకండ్స్ ఎంచుకుంటే కావలసిన ముక్కనే ఎన్‌కోడ్ చేయవచ్చు. ఒక్కోటి నిమిషం చొప్పున నాలుగు ముక్కలు తీయండి. ఒకటి చీకటి సీను. నీడల్లో గళ్లు ముందు అక్కడే పుడతాయి. ఒకటి వెనకాల డ్యాన్సర్లు, రంగు పొడి, తిరిగే కెమెరా ఉన్న పాట. ఒకటి వర్షమో, దుమ్ము లేచే ఫైటో. ఒకటి దగ్గర నుంచి తీసిన ముఖం. ముఖంలో తప్పును మన కన్ను మరెక్కడా పట్టనంత త్వరగా పడుతుంది.

చూసేటప్పుడు ఫ్రేము ఆపి, పెద్దది చేసి తప్పులు వెతకొద్దు. అలా వెతికితే ఏ ఎన్‌కోడ్ అయినా ఓడిపోతుంది. సినిమా చూసే టీవీలో, కూర్చునే దూరంలో, లైట్లు ఆపి చూడండి. తేడా తెలియకపోతే ఆర్‌ఎఫ్‌ను ఒకటి పెంచి మళ్లీ చూడండి. తెలిసిన చోట ఒక అంకె వెనక్కి రండి. ఒక్క సాయంత్రం ఇలా చేస్తే మీ కంటికీ, మీ టీవీకీ సరిపడే అంకె దొరుకుతుంది. ఆ సెట్టింగులను సొంత ప్రీసెట్‌గా సేవ్ చేసుకోండి. తర్వాతి డిస్కులన్నిటికీ అదే. పాత ఫిల్ముకు ఒకటి, డిజిటల్ సినిమాకు ఒకటి ఉంటే ఇంకా మంచిది.

సైజు ఇంకా ఎక్కువనిపిస్తే 1080లో ఆర్‌ఎఫ్‌ను 27, 28కి తోయకండి. 720కి దించి ఆర్‌ఎఫ్ 21 ఉంచండి. గళ్లతో నిండిన పెద్ద బొమ్మ కంటే శుభ్రమైన చిన్న బొమ్మ ఎప్పుడూ మేలు. 32 అంగుళాల టీవీలో అయితే ఇంట్లో వాళ్లెవరూ గమనించరు.

శబ్దం దగ్గర దాగి ఉన్న జీబీలు

బ్లూరేలో డీటీఎస్ హెచ్‌డీ మాస్టర్ ఆడియో 3.5 మెగాబిట్లు ఉందనుకోండి. మన 1.2 లెక్కన 4,200 ఎంబీ. బొమ్మను చెమటోడ్చి నాలుగు జీబీలకు తెచ్చి, దానికి ఇంకో నాలుగు జీబీల శబ్దం తగిలించడం ఎందుకు? హోమ్ థియేటర్ లేకపోతే ఏఏసీ స్టీరియో 160 కిలోబిట్లు చాలు, 192 ఎంబీ. అయిదు స్పీకర్లు ఉంటే ఏసీ3 448 కిలోబిట్లు, సుమారు 540 ఎంబీ. డిస్కులోనే ఏసీ3 ఉంటే పాస్‌త్రూ పెట్టండి, మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా అలాగే వస్తుంది. పాత సినిమాల్లో అసలు మోనో ట్రాకుతోపాటు కొత్తగా తయారుచేసిన 5.1 కూడా ఇస్తుంటారు. నేనైతే మోనోనే ఉంచుకుంటాను. 96 కిలోబిట్లతో 115 ఎంబీలో తేలిపోతుంది, ఆ గొంతులు కూడా రికార్డు చేసిన తీరులోనే వినిపిస్తాయి. వినని భాషల ట్రాకులు తీసేయండి.

సబ్‌టైటిళ్లు బరువుండవు, అన్నీ ఉంచేయవచ్చు. బర్న్ ఇన్ గడిలో టిక్ లేకుండా చూసుకోండి. ఒకసారి బొమ్మలో అచ్చయితే తీయడం కుదరదు.

నడిపి, సరిచూసుకుని, అప్పుడు చెరపండి

సినిమాలను క్యూలో వేసి రాత్రికి వదిలేయండి. ప్రాసెసర్ గంటల తరబడి పూర్తి బలంతో పనిచేస్తుంది. మన ఎండాకాలంలో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టొద్దు. వేడెక్కితే దానంతట అదే వేగం తగ్గించుకుంటుంది, తెల్లారేసరికి అవ్వాల్సిన పని మధ్యాహ్నానికి జారుతుంది.

పూర్తయ్యాక నిడివి సోర్సుతో సరిపోయిందా చూడండి. తర్వాత చివరి పది నిమిషాల్లో ఎవరైనా మాట్లాడే సీనుకు వెళ్లండి. పెదాలకూ మాటకూ మధ్య తేడా ఉంటే అది మొదట్లో కంటే చివర్లోనే బయటపడుతుంది. ముందుకు వెనక్కి జరిపి, సబ్‌టైటిళ్లు వేసి, ఆపి చూడండి. ఇవన్నీ కంప్యూటర్లో కాకుండా అసలు చూడబోయే టీవీలో చేయాలి. టీవీకి తగిలించే పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలును అది తీసుకోదు. టీవీకి ఎక్స్‌ఫ్యాట్ అర్థమైతే డ్రైవ్‌ను అలా ఫార్మాట్ చేసుకోండి, ఫైలును ముక్కలు చేయక్కర్లేదు. ఈ పరీక్షలన్నీ నెగ్గాకే పెద్ద రిప్‌ను చెరపండి. డిస్కును మాత్రం పారేయకండి, రేపు ఇంకో మంచి కోడెక్ వస్తే మళ్లీ దాని దగ్గరికే రావాలి.